పాపను బోన్ ఒదోరికి పంపండి, మీరూ వెళ్లండి

జపాన్‌లో ఒబోన్ అంటే చనిపోయినవాళ్ల పండుగ కదా, ఏడేళ్ల పాపను ఆ పండుగలో ఆడే బోన్ ఒదోరి డాన్స్‌కి పంపొచ్చా, ఇలాగైతే మన పద్ధతులు మర్చిపోదా అని అడిగారు. ఏ ఆలోచనా పెట్టుకోకుండా పంపండి. నేను టోక్యోలో నిషికసాయి దగ్గర తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, మా అమ్మాయినీ అదే వయసులో పంపాను.

చనిపోయినవాళ్ల పండుగ అంటే భయమెందుకు? మన పెత్తరమాస ఏంటి మరి? పొద్దున చనిపోయిన పెద్దల పేరిట బియ్యమిచ్చి, అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. ఇక్కడా అంతే. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు, చనిపోయిన తల్లికి ప్రేతలోకం నుంచి విముక్తి దొరికిందని సంతోషంతో ఆడాడని కథ చెప్తారు. మధ్యలో యాగురా అనే మంచె, దాని మీద తైకో డోలు, చుట్టూ కాగితపు లాంతర్లు, జనమంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు. బతుకమ్మ ఆడి పెరిగినదాన్ని, నాకైతే మొదటి రోజే సొంతూరులా అనిపించింది.

ఆ ఏడు మా బాపు కూడా ఇక్కడికి వచ్చాడు. పాపకు యుకాతా, అంటే వేసవి కిమోనో, నేనే కట్టి తీసుకెళ్లాను. పార్కులో అడుగుపెట్టామో లేదో ఎదురింటి పెద్దావిడ గబగబా వచ్చి, పాపను చెట్టు చాటుకు తీసుకెళ్లి, నడికట్టు విప్పి మళ్లీ కట్టింది. కుడి అంచు పైకి వచ్చేలా కట్టానట, అది శవానికి కట్టే తీరు! ఎడమ అంచే పైకి రావాలి. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆవిడ మాత్రం ఒక్క మాట అనలేదు, పాప బుగ్గ నిమిరి పంపేసింది.

తర్వాత పిల్లలు తాంకో బుషి మొదలుపెట్టారు. అది ఫుకువోకా బొగ్గుగనుల పాట. రెండుసార్లు తవ్వినట్టు, రెండుసార్లు భుజం మీదికి ఎత్తుకున్నట్టు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూసినట్టు, తర్వాత బండి నెట్టినట్టు. పాటలో వచ్చే మీకే గని 1997లోనే మూతపడింది, అక్కడ ఆడుతున్న పిల్లల్లో ఎవరూ బొగ్గు ముక్క కూడా చూసి ఉండరు. మా బాపు గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో పని చేశాడు, మొదట్లో తట్టా చెమ్మస్ (బుట్టా పారా) పట్టి బొగ్గు నింపినవాడు. ఆయనకు జపనీస్ ఒక్క ముక్క రాదు, ఇది బొగ్గు పాటని నేనూ చెప్పలేదు. కాసేపు చూసి, "బిడ్డా, ఇది బొగ్గు నింపుడే కదా" అన్నాడు. లేచి వెళ్లి మనవరాలి వెనక నిలబడి ఆడాడు. ఆయన చెయ్యి భుజం మీదికి లేచిన తీరు చూస్తే అక్కడ నిజంగానే బరువుందనిపించింది. రెండో చుట్టులో పాపకు చెప్తున్నాడు, "నడుం కాదు, మోకాళ్లు వంచాలె".

మన పద్ధతులు మర్చిపోతుందని మీరు అన్నారు కాబట్టి ఇదీ చెప్తాను. మన పండుగ ఫంక్షన్లలో పిల్లలకు మధ్యాహ్నం మూడింటికి మేకప్ వేస్తాం, ఉపన్యాసాలన్నీ అయ్యి వాళ్ల వంతు వచ్చేసరికి సగంమంది కుర్చీల్లో నిద్రపోతుంటారు, ఆడేదేమో సినిమా పాట, మనం ఫోన్లు పట్టుకుని నిలబడతాం. తాత వెళ్లి మనవరాలి పక్కన నిలబడే వీలు ఆ స్టేజి మీద ఎక్కడుంది? పిల్లలు మర్చిపోయేది అలా. ఇక్కడ స్టెప్ తప్పితే ముందున్నవాళ్లను చూసి సర్దుకుంటారు, టెన్షన్ లేదు. మా పాప ఇప్పుడు బతుకమ్మ కూడా బాగా ఆడుతుంది, వలయంలో కాలు కలపడం ఆ పార్కులోనే వచ్చింది.

ప్రాక్టీస్‌కి మామూలు బట్టలు చాలు. అసలు రోజు కొత్త గెటా (చెక్క చెప్పులు) వేస్తే వేళ్ల సందులో ఒరుసుకుని పుండు పడుతుంది, రెండు రోజుల ముందు నుంచే ఇంట్లో వేయించి నడిపించండి, బ్యాగులో బ్యాండేజీలు పెట్టుకోండి.