బీచ్‌లో నడిస్తే ఆయాసమెందుకు?

ప్రశ్న: నా వయసు 46. విశాఖపట్నంలో ఉంటాను. ఉబ్బసం ఉంది. వేసవిలో మధ్యాహ్నం మూడున్నరకల్లా బీచ్ రోడ్డుకు నడకకు వెళ్తున్నాను. పావుగంటకే ఛాతీ బిగిసి పొడిదగ్గు వస్తోంది. సముద్రపు గాలి మంచిదంటారు కదా, నాకెందుకు పడటం లేదు?

జవాబు: ముందుగా ఒక మాట. ఈ వయసులో నడిస్తే ఛాతీ బిగుస్తోందంటే గుండెను కూడా చూపించుకోవాలి. ఈసీజీ ఈ వారంలోనే తీయించుకోండి.

గుండెలో లోపం లేదని తేలితే నా అనుమానం నేల దగ్గర పుట్టే ఓజోన్ అనే హానికర వాయువు మీద. రాత్రి నేల త్వరగా చల్లబడి, గాలి ఊరి నుంచి సముద్రం మీదికి వీస్తుంది. వాహనాల, పరిశ్రమల పొగ దాంతోపాటే పోతుంది. పొద్దెక్కాక ఎండ తగిలితే ఆ పొగలోని వాయువుల నుంచే ఓజోన్ పుడుతుంది. నీటిని ఆనుకున్న చల్లని గాలి పొర మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటే ఆ ఓజోన్‌కు పైకి చెదిరిపోయే వీలుండదు. చెట్లు, మట్టి పీల్చుకున్నంతగా నీరు ఓజోన్‌ను పీల్చుకోదు కూడా. పగలు గాలి ఒడ్డుకు మళ్లినప్పుడు మన పొగే వేషం మార్చుకుని తిరిగి వస్తుంది. పైగా విశాఖకు ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండలు గాలి చెదిరిపోకుండా అడ్డు. రద్దీ కూడలిలో వాహనాల పొగే ఓజోన్‌ను కొంత మింగేస్తుంది. హాయిగా కనిపించే తీరంలో ఆ అవకాశం తక్కువ.

ఓజోన్ నీటిలో పెద్దగా కరగదు. అందుకే ముక్కు, గొంతుల్లోనే ఆగిపోకుండా సన్నని శ్వాసనాళాల దాకా వెళ్లి వాపు తెస్తుంది. ధూళిని ఆపే మాస్కు ఈ వాయువును ఆపలేదు.

బీచ్ మానక్కరలేదు, వేళ మార్చండి. వేసవిలో సూర్యోదయం కాగానే వెళ్లండి. చలికాలంలో తెల్లవారుజామున పొగ నేలను అంటుకుని ఉంటుంది కనుక ఎండ కాస్త ముదిరాక నడవడం మేలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో ఓజోన్ స్థాయి చూస్తూ ఉండండి. మన దేశంలో ఎనిమిది గంటల సగటుకు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. ఓజోన్ వదిలి గదిని శుభ్రం చేస్తామనే యంత్రాల జోలికి మాత్రం పోకండి.

రోజూ వాడమని రాసిన ఇన్‌హేలర్‌ను ‘బాగానే ఉంది కదా’ అని మానేశారేమో చూసుకోండి. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చేసే పొరపాటు అదే. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది జేబులో ఉండాలి. రెండు వారాలు ఉదయం నడిచి, ఊపిరి ఎంత వేగంగా వదలగలుగుతున్నారో కొలిచే పీక్ ఫ్లో మీటరు అంకెలు రాసుకుని మీ వైద్యుడికి చూపించండి. అప్పుడూ ఛాతీ బిగిస్తే తప్పు గాలిది కాదు, మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు.