పాత బండికి కొత్త అప్పు ఎందుకు?

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. నాకు 38 ఏళ్ళు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 52,000 వస్తుంది. నా భార్య ప్రైవేటు బడిలో టీచరు, ఆమె జీతం 18,000. ఇద్దరు పిల్లలు, అమ్మ మాతోనే ఉంటుంది. అద్దె, ఫీజులు, సరుకులు, అమ్మ మందులు కలిపి 42,000. స్కూటరు వాయిదా 4,100, ఫోను వాయిదా 3,800 (ఇంకా ఎనిమిది నెలలు), ఎల్ఐసీ 3,100, చీటీ 5,000. చీటీ ఇరవై నెలలది; తొమ్మిది కట్టాను, ఇంకా పాడలేదు. బ్యాంకులో 1,10,000 ఎఫ్‌డీ ఉంది. 2019లో పోయిన మా నాన్నగారి 1984 నాటి యెజ్డీ రోడ్‌కింగ్ మోటారు సైకిలు 2024 సెప్టెంబరు వరదలో మునిగింది. అప్పుడు ఇంటి సామాను కోసం మా బావమరిది దగ్గర 60,000 తీసుకుని ఏడాదిలో తీర్చాను. తర్వాత బండిని ఇంట్లోనే పూర్తిగా విప్పాను, భాగాలన్నీ మేడ మీద గదిలో పెట్టెల్లో ఉన్నాయి. ఇప్పటికి 38,000 ఖర్చయింది, అందులో 22,000 క్రెడిట్ కార్డు మీద ఉంది. మరో 1,60,000 కావాలని మెకానిక్ అంచనా. పూర్తయితే మూడు లక్షలు పలుకుతుందని స్నేహితుడు అంటున్నాడు. నా భార్య బంగారం తాకట్టు పెట్టాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, చీటీ పాడాలా? దీన్ని పెట్టుబడి కింద చూడవచ్చా?

జవాబు: మీరు పంపిన పూర్తి ఉత్తరంలో బండి గురించి రెండు పేజీలున్నాయి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే, ఉద్యోగం పోతే డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న దాని మీద ఒక్క వాక్యం లేదు. మీ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం అదే. ఇష్టంతో పెట్టే ఖర్చుకు పెట్టుబడి అని పేరు పెట్టుకుని, ఆ పేరు మీద అప్పు చేయడానికి సిద్ధపడేవారి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరిది కెమెరా, ఒకరిది ఊళ్ళో పాత పెంకుటిల్లు, మీది మోటారు సైకిలు. నాన్నగారి బండి మళ్ళీ నడవాలన్న కోరికను నేను తప్పు పట్టను. అది కోరిక అని ఒప్పుకుంటే దానికి సరిపడే దారి దొరుకుతుంది. పెట్టుబడి అనుకున్నారు కాబట్టే బంగారం దాకా వెళ్ళారు.

మీరిచ్చిన అంకెలే కూడితే ప్రతి నెలా కట్టి తీరాల్సిన డబ్బు 58,000. ఇద్దరి జీతాలూ కలిపి 70,000. నెలకు 12,000 మిగలాలి. అది ఏమవుతోందో మీరు రాయలేదు గానీ, కార్డు బాకీ కొంత చెబుతోంది. అత్యవసరాల కోసం ఆరు నెలల ఖర్చు నిధిగా పక్కన ఉండాలంటే 3,48,000 కావాలి. మీ ఎఫ్‌డీ 1,10,000, అంటే రెండు నెలలకే ఆరు వేలు తక్కువ.

వరద నాడు మీ దగ్గర ఎంత ఉందో ఒకసారి గుర్తు చేసుకోండి. బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు బావమరిది ఆదుకున్నారు. నేల అంతస్తులో మునిగిన ఇళ్ళకు ప్రభుత్వం 25,000 సాయం ప్రకటించింది, కానీ ఇలాంటి సాయం లెక్కింపు, జాబితాలు అయ్యాకే చేతికి అందుతుంది. ఫ్రిజ్, పరుపులు, పిల్లల పుస్తకాలు అంతవరకు ఆగవు. అంతటి అనుభవం అయ్యాక, బావమరిది బాకీ తీరిన మరుసటి నెల నుంచి ఆ వాయిదా డబ్బే బ్యాంకులో వేసుకుని ఉంటే ఈ పాటికి మీ నిధి కొంతైనా పెరిగేది. మీరు స్పానర్లు పట్టుకున్నారు.

కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉందని నిశ్చింతగా ఉంటే అదీ పొరపాటే. ఉద్యోగం పోయిన రోజున ఆ బీమా కూడా పోతుంది. ఉన్నప్పుడైనా అడ్వాన్సు అడిగే ఆసుపత్రులుంటాయి, బీమా ఇవ్వని వస్తువుల బిల్లు ఉంటుంది, పక్కన ఉండేవాళ్ళ తిండి, ప్రయాణాలు ఉంటాయి, సెలవు పెడితే మీ ఆవిడ జీతంలో కోత ఉంటుంది. వీటన్నిటికీ చేతిలో డబ్బే కావాలి. మీ అమ్మగారికి, మీ నలుగురికీ విడిగా ఆరోగ్య పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్‌టీ లేదు. టర్మ్ పాలసీ (పాలసీదారు పోతే మాత్రమే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) గురించి మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను: ఆ 3,100 కడుతున్న ఎల్ఐసీ పాలసీలో మీరు లేకపోతే ఇంటికి ఎంత వస్తుందో ఇవాళ రాత్రి తీసి చూడండి.

ఇక అప్పుల సంగతి. అప్పు చేసి చేయకూడని పనులన్నిటిలో విప్పిన బండిది ఒక ప్రత్యేక స్థానం. దానికి ఖర్చెంతో తెలియదు, ఎప్పటికి పూర్తవుతుందో తెలియదు, సగంలో ఆగితే విలువ ఉండదు. మీ రోడ్‌కింగ్ టూ స్ట్రోక్ బండి. ఫోర్ స్ట్రోక్ బండిలోలా దాని క్రాంక్ (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) గదిలో నూనె నిలవ ఉండదు. పెట్రోలులో కలిపి పోసే నూనె తప్ప అక్కడి బేరింగులకు వేరే దిక్కు లేదు. వరద నీరు, బురద చేరి ఆరిపోయాక బేరింగులు, కనెక్టింగ్ రాడ్ తుప్పు పట్టి ఉండవచ్చు. అప్పుడు క్రాంక్‌ను ప్రెస్ మీద విడదీసి, రాడ్ మార్చి, మళ్ళీ కూర్చి, వంకర లేకుండా సరిచేయాలి. ఆటోనగర్‌లో ఇలాంటి పనికి లేత్ షాపులున్నాయి. అయితే విడదీశాక ఏం బయటపడుతుందో వాళ్ళు కూడా ముందుగా చెప్పలేరు. సిలిండర్ మరో బోరింగ్‌కు (లోపలి గోడను కాస్త పెద్దదిగా తొలవడానికి) ఆగుతుందా, కొత్త స్లీవ్ (లోపలి గొట్టం) వేయాలా అన్నదీ కొలిచి చూశాకే తెలుస్తుంది. మీ మెకానిక్ 1,60,000 అని క్రాంక్ చూసి చెప్పారా, పెట్టెలు చూసి చెప్పారా? రెండోదైతే ఆ అంకెను పక్కన పెట్టేయండి.

ఖర్చు ఇంత అనిశ్చితంగా ఉంటే, అప్పు వాయిదా మాత్రం వచ్చే నెల అయిదో తారీఖున కచ్చితంగా వచ్చేస్తుంది. రెండు లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి మూడేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 6,835 కట్టాలి, మొత్తం మీద వడ్డీ 46,000. మిగిలే 12,000లో సగానికి పైగా దానికే పోతుంది. మీ ఆవిడ బంగారం ఇవ్వడానికి ఒప్పుకున్నారని రాశారు. మీరు ఎలా అడిగారో రాయలేదు. నిధి లేని ఇంట్లో ఆఖరి ఆసరా ఆ బంగారమే. దాన్ని సైలెన్సర్ల క్రోమ్ పూత కోసం తాకట్టు పెట్టి, ఏడాది తిరిగేసరికి అసలు కట్టలేక వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకునేవాళ్ళను ఎందరినో చూశాను. అయిదు నిమిషాల్లో డబ్బు ఇస్తామనే యాప్‌ల గురించి ఉత్తరం చివర అడిగారు. వద్దు. చీటీ ఇప్పుడు పాడితే మిగిలిన పదకొండు నెలలూ అప్పు తీర్చినట్టే కట్టాలి, పైగా పాటలో తగ్గించిన సొమ్ము పోగొట్టుకుంటారు. చివరిదాకా ఉండండి.

కార్డు మీది 22,000 ముందు తీర్చాలి. నెలకు 3.5 శాతం వడ్డీ, దాని మీద జీఎస్‌టీ కలిపితే మీకు నెలకు సుమారు 900 పోతోంది. ఎఫ్‌డీ విరిచి అది కట్టేయడమే లాభమని లెక్క చెబుతుంది. అయినా మీకు ఆ సలహా ఇవ్వను. రెండు నెలల మిగులుతో తీరే బాకీ అది. ఎఫ్‌డీ విరిస్తే ఉన్న కాస్త నిధి తగ్గుతుంది, ఖాళీ అయిన కార్డు మీద మళ్ళీ స్పోకులు, రిమ్ములు వచ్చి చేరతాయి. కార్డును బీరువాలో పెట్టి రెండు నెలల పాటు 12,000 చొప్పున కట్టండి.

మూడో నెల నుంచి 9,000 అత్యవసర నిధికి, 3,000 బండికి. పదకొండో నెలకు నిధిలో 81,000 చేరుతుంది. చీటీ చివర్లో నిర్వాహకుల కమీషన్ పోగా సుమారు 93,000 వస్తుంది, అదీ నిధికే. ఎఫ్‌డీతో కలిపి 2,84,000. ఫోను వాయిదా, చీటీ రెండూ అప్పటికి అయిపోతాయి కాబట్టి మీ నెల ఖర్చు 49,200కు దిగుతుంది, ఆరు నెలలకు కావాల్సింది 2,95,200 అవుతుంది. మిగిలిన పదకొండు వేలు పన్నెండో నెలలో పూర్తవుతాయి. ఆరోగ్య పాలసీ ప్రీమియం ఈలోగా కట్టాలి గనుక ఇంకో రెండు నెలలు పట్టినా ఫరవాలేదు. ఈ డబ్బును ఒకే ఎఫ్‌డీగా ఉంచకండి. మూడు నాలుగుగా చేస్తే ఒకటి విరిచినా మిగతావి నిలుస్తాయి. మీ ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగేలా జాయింటు ఖాతాలో పెట్టండి. మీరు ఆసుపత్రిలో ఉన్న రోజున మీ ఆవిడ మీ సంతకం కోసం తిరగకూడదు. కరెంటు, ఫోను సిగ్నలు లేని రోజుల్లో కార్డులు పనిచేయవని మీ పేటవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, కాబట్టి అయిదారు వేలు నోట్లుగా ఇంట్లో ఉంచండి. సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే పెట్టుబడులు) వగైరా ఈ నిధి నిండాకే.

నెలకు 3,000తో బండి ఎలా ముందుకు వెళ్తుందని అడుగుతారు. ఆగినా పాడవని చోట ఆగుతూ వెళ్ళాలి. పదకొండో నెలకు చేతిలో ఉండే 27,000తో ఇంజన్ ఒక్కటే పట్టుకోండి. క్రాంక్, బోరింగ్, పిస్టన్, బేరింగులు, ఆయిల్ సీళ్ళు అన్నీ ఒకే విడతలో చేసి ఇంజన్ మూసేయాలి. డబ్బు చాలకపోతే మొదలుపెట్టకండి, మరో రెండు నెలలు కూడబెట్టండి. నూనె పట్టించి, రంధ్రాలు మూసి పెట్టిన ఇంజన్ చాలాకాలం ఆగుతుంది. ఛాసిస్‌ను శాండ్ బ్లాస్టింగ్‌కు పంపడం అలా కాదు. తుప్పు ఊడగొట్టిన ఇనుముకు ఆ రోజే ప్రైమర్ పడాలి, లేకపోతే మన గాలి తేమకు మళ్ళీ తుప్పు పట్టి, చేసిన ఖర్చు దండగవుతుంది. రంగు డబ్బు కూడా చేతికి వచ్చాకే దాన్ని పంపండి. రంగు వేయకముందు బండి మొత్తం ఒకసారి బిగించి చూసుకోవాలి. వెల్డింగ్, డ్రిల్లింగ్ అవసరమైతే అప్పుడే తెలుస్తుంది. రంగు వేశాక తెలిస్తే రంగు రెండోసారి కొనాలి. ట్యాంకు, సైలెన్సర్ల క్రోమ్ అన్నిటికన్నా చివర. చాలామంది దాంతోనే మొదలుపెడతారు, మెరుస్తుంది కాబట్టి. సీళ్ళు, రబ్బరు వస్తువులు తక్కువకు వస్తున్నాయని ఇప్పుడే కొని పెట్టకండి, వాడకపోయినా అవి గట్టిపడతాయి. మైసూరులో ఈ బండ్లు తయారుచేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా ఇతరులు తయారుచేసిన విడిభాగాలు, అందుకని ఏది కొన్నా కొలిచి చూసుకుని, వాపసు తీసుకుంటారో లేదో అడిగి కొనండి.

మీ స్నేహితుడు చెప్పిన మూడు లక్షల విషయానికొస్తే, ఆ ధరకు ఆయన కొంటారా అని అడగండి. 2022లో యెజ్డీ పేరు మళ్ళీ మార్కెట్లోకి వచ్చిందని, అందుకే పాతవాటికి గిరాకీ పెరుగుతుందని కూడా ఆయన అన్నారట. కొత్తవి నీళ్ళతో చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు. వాటి విడిభాగాలు మీ ఇంజన్‌కు పనికిరావు, వాటి అమ్మకాలకూ మీ బండి ధరకూ ముడిపెట్టడానికి ఏ ఆధారమూ లేదు. అయినా నాన్నగారి బండిని మీరు అమ్ముతారా? అమ్మరు. అమ్మని వస్తువు ధరతో అప్పు తీరదు.

అన్నిటికన్నా ముందు, డబ్బు ఖర్చు లేకుండా వచ్చే వారమే చేయాల్సిన పని ఒకటుంది. ఆర్‌సీ వెతకండి. నాన్నగారు పోయాక మూడు నెలల్లోపు ఫారం 31తో బండిని వారసుల పేరు మీదికి మార్పించుకోవాల్సింది, అది జరిగినట్టు మీ ఉత్తరంలో లేదు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు నిండాక అయిదేళ్ళకోసారి పునరుద్ధరించాలి. 2025 ఆగస్టులో పెంచిన రేట్ల ప్రకారం 20 ఏళ్ళు దాటిన మోటారు సైకిలుకు రుసుము 2,000, ఆలస్యానికి నెలకు 300 చొప్పున అదనం. మీ బండికి ఎన్ని నెలలు పడతాయో రవాణా కార్యాలయంలోనే లెక్క కట్టించుకోండి. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి: 50 ఏళ్ళు దాటిన బండికే అది వర్తిస్తుంది, మీది 2034 దాకా ఆ లెక్కలోకి రాదు, వచ్చినా దాన్ని రోజూ రోడ్డు మీద నడపనివ్వరు. రోడ్డెక్కించే ముందు థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి మాత్రమే) తప్పనిసరి. 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం 150 నుంచి 350 సీసీ బండికి ఏడాదికి 1,366, పన్ను అదనం. ఆ పాలసీలో వరద నష్టానికి పైసా రాదు. సొంత నష్టానికి కూడా కావాలంటే ఇంత పాత బండికి విలువను మీరూ బీమా కంపెనీ ఒప్పందంతో నిర్ణయించుకోవాలి, వాళ్ళు మీ స్నేహితుడి అంకె ఒప్పుకోరు. ఆర్‌సీ దొరక్కపోయినా, పేరు మార్పిడి కుదరదని రవాణా కార్యాలయం వాళ్ళు చెప్పినా, ఇంజన్ మీద మరో రూపాయి పెట్టకముందే నాకు రాయండి.