ప్లాస్టిక్ కెమెరాతో మొదటి రీలు

ప్రశ్న: నా పుట్టినరోజుకి మా అన్నయ్య కోడాక్ ఎక్టార్ హెచ్35 అనే ప్లాస్టిక్ ఫిల్మ్ కెమెరా కొనిచ్చాడు. చూస్తే బొమ్మలా ఉంది, ఫోకస్ లేదు, సెట్టింగులు లేవు. వచ్చే నెల మా అక్క పెళ్లి, దీంతో ఫొటోలు తీయాలని ఆశగా ఉంది కానీ ఫిల్మ్ ఎప్పుడూ వాడలేదు, రీలు ఎక్కించాలంటేనే టెన్షన్. ఫొటోలు వస్తాయా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వస్తాయండీ, వెలుతురు ఉన్న చోట తీస్తే తప్పకుండా వస్తాయి. పేరు కోడాక్‌ది అయినా ఇది హాంకాంగ్‌కి చెందిన రెటో అనే కంపెనీ వాళ్లు 2022లో తెచ్చిన కెమెరా. షటర్ ఎప్పుడూ సెకనులో నూరో వంతే తెరుచుకుంటుంది, లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం ఎఫ్/9.5 అనే ఒకే సైజులో ఉండిపోతుంది. ఎండైనా మబ్బైనా కెమెరా తనంతట తాను ఏమీ మార్చుకోదు, కాబట్టి వెలుతురు చూసుకోవాల్సింది మీరే. 200 స్పీడు (వెలుతురుని పట్టుకునే శక్తి, అంకె పెరిగితే తక్కువ వెలుతురు చాలు) కలర్ రీలు వేస్తే బయట నీడపట్టున సరిగ్గా సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అవసరానికి ఏడు రెట్ల దాకా వెలుతురు పడుతుంది, అయినా భయం లేదు, కలర్ నెగటివ్ ఎక్కువ వెలుతురుని బాగా తట్టుకుంటుంది. తక్కువైతేనే చిక్కు. రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద ఫ్లాష్ లేకుండా నొక్కితే దాదాపు ఏమీ పడదు.

అందుకే నా మాట వినండి, ముహూర్తం రాత్రిదైతే ఆ ఘట్టం మీరు మాట్లాడుకున్న ఫొటోగ్రాఫర్‌కి వదిలేయండి. గుమ్మానికి మామిడాకులు కట్టడం, పెరట్లో మంగళస్నానం, పందిరి కింద పిన్నులూ అత్తయ్యలూ పూలు గుచ్చుతూ కబుర్లాడుకోవడం, ఇవన్నీ పగలు జరిగేవి, ఈ కెమెరాకి ఇవే అచ్చొస్తాయి. లోపల తీయక తప్పదంటే 400 రీలు వేసి, లెన్స్ చుట్టూ ఉన్న రింగు తిప్పి ఫ్లాష్ ఆన్ చేసి, చిన్న లైటు వెలిగాకే నొక్కండి. మనిషికి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో ఉండాలి. మండపం కింద కుర్చీల్లోంచి ఫ్లాష్ కొడితే ముందు వరుస వాళ్ల తలలే పడతాయి.

రీలు ఎక్కించేటప్పుడు ఎండలో కాకుండా నీడలో నిలబడండి. డబ్బాని దాని గదిలో కూర్చోబెట్టి, ఫిల్మ్ కొసని అవతలి చక్రం చీలికలో దూర్చి, అంచున ఉన్న రంధ్రాలు పళ్లకి పట్టుకున్నాయో లేదో చూసి తలుపు మూయండి. తర్వాత ఫిల్మ్‌ని వెనక్కి చుట్టే రీవైండ్ పిడిని బిగువు తగిలేదాకా మెల్లగా తిప్పి ఆపేయండి. ఇక ఫిల్మ్ జరిపిన ప్రతిసారీ ఆ పిడి కూడా తనంతట తాను తిరగాలి. తిరగట్లేదంటే లోపల ఫిల్మ్ కదలట్లేదన్నమాట. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. రీలు అయిపోయాక రీవైండ్ బటన్ నొక్కి మొత్తం వెనక్కి చుట్టేదాకా తలుపు తెరవకండి.

ఇది హాఫ్ ఫ్రేమ్ కెమెరా, అంటే మామూలు ఫొటో ఒకటి పట్టే చోట రెండు పడతాయి, 36 ఫొటోల రీలుకి 72 వస్తాయి. 1959లో వచ్చిన ఒలింపస్ పెన్ కెమెరాదీ ఇదే పద్ధతి. మామూలుగా పట్టుకుంటే నిలువు ఫొటో వస్తుంది, అడ్డంగా కావాలంటే కెమెరానే తిప్పి పట్టుకోవాలి. పక్కపక్క రెండు ఫొటోలు కలిపి ఒకే బొమ్మగా కూడా స్కాన్ చేయించుకోవచ్చు కాబట్టి, గోరింటాకు పెట్టుకున్న చేతులు ఒకటి, వెంటనే అక్క ముఖం ఒకటి, ఇలా జంటలుగా తీయండి, ఎంత బాగుంటాయో! ఎలా స్కాన్ చేయాలో ల్యాబ్‌కి ముందే చెప్పి, నెగటివ్‌లు తప్పకుండా వెనక్కి అడగండి.

వీలైతే పెళ్లికి ముందే ఒక రీలు ఇంట్లో వాళ్ల మీద పూర్తిచేసి కడిగించి చూసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత అగ్ఫా క్లిక్ 3 బీరువాలో దొరికింది. దానికి ఇప్పుడు రీలు దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: దొరుకుతుంది. దానికి కావాల్సింది 120 అనే వెడల్పాటి ఫిల్మ్, దాన్ని ఇల్ఫర్డ్, కోడాక్ కంపెనీలు ఇప్పటికీ తయారుచేస్తున్నాయి. రీలుకి 12 చతురస్రపు ఫొటోలు వస్తాయి. కొనే ముందు కెమెరా తెరిచి లోపల ఖాళీ స్పూలు ఉందో లేదో చూడండి, అది లేకపోతే ఫిల్మ్ చుట్టుకోవడానికి చోటుండదు. లెన్స్‌కి బూజు పట్టిందేమో వెలుతురుకి పెట్టి చూడండి. మీకు అందుబాటులో ఉన్న ల్యాబ్ 120 ఫిల్మ్ కడుగుతుందో లేదో అడిగి, ఆ తర్వాతే రీలు కొనండి.