రుణమాఫీ మీద డిబేట్ పెడితే ఏడుపొచ్చేసింది.. ఇది గుండె జబ్బా?

ప్రశ్న: నా వయసు 20. హనుమకొండలో హాస్టల్లో ఉంటూ బీఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. ప్రతి శుక్రవారం మా లెక్చరర్ క్లాసులో డిబేట్ పెడతారు. ఉచిత పథకాలు, రిజర్వేషన్లు, కట్నాలు.. ఏదో ఒకటి. నెల కిందట రుణమాఫీ మీద పెట్టారు. 'మాఫీలతో రైతులు సోమరులైపోతున్నారు' అని ఒకబ్బాయి అనగానే నాకు గుండె దడ మొదలైంది. నోరు ఎండిపోయింది, వేళ్లు తిమ్మిరెక్కాయి. లేచి నిలబడ్డాను గానీ మాట రాలేదు. ఏడుపొచ్చి బయటికి వెళ్లిపోయాను. మా నాన్న నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేస్తారు. అప్పటి నుంచి శుక్రవారం క్లాసు ఎగ్గొడుతున్నాను. రాత్రిళ్లు అప్పుడేం చెప్పాల్సిందో అదే బుర్రలో తిరుగుతోంది. మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. నాన్న చివరిసారి వాట్సాప్ ఎప్పుడు చూశారో చూసుకుని మళ్లీ పడుకుంటాను. నాకు గుండె జబ్బేమైనా ఉందా? ఫ్రెండ్ వాళ్లక్క వాడే ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోవచ్చా?
– ఓ విద్యార్థిని

జవాబు: ముందుగా మాత్ర సంగతి. వేసుకోకండి. అది గుండె వేగాన్ని, చేతుల వణుకును తగ్గించే మందే. కొందరికి మేమూ రాస్తాం. కానీ ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం. బీపీ, నాడి తక్కువగా ఉన్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరు మింగే మందు కాదిది.

మీరు చెప్పినదాన్ని బట్టి గుండె జబ్బులా అనిపించడం లేదు. మన అనుకున్నవాళ్లను ఎవరైనా ఒక మాట అంటే, మీద చెయ్యి పడ్డట్టే శరీరం స్పందిస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. ఊపిరి వేగంగా తీసుకోవడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మిగతావాళ్లకు ఆ రోజు అది సిలబస్‌లో ఒక టాపిక్. మీకు మాత్రం అది మీ ఇల్లు. అంతే తేడా. అందులో మీ బలహీనత ఏమీ లేదు.

అయినా ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, ఈసీజీ చేయించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. హాస్టల్లో టిఫిన్ మానేసి టీతో సరిపెట్టుకునే అమ్మాయిలను రోజూ చూస్తుంటాను. మీకూ ఆ అలవాటు ఉంటే మానుకోండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, ఏ కారణం లేకుండా దడ వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇక శుక్రవారం క్లాసు. ఎగ్గొట్టిన రోజు హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే పై వారం భయం ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి ఈ శుక్రవారమే వెళ్లండి. మాట్లాడాలని లేదు, కూర్చుంటే చాలు. రోజూ ఒక ఐదు నిమిషాలు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం సాధన చేయండి. ముందు నుంచి అలవాటైతేనే క్లాసులో పనికొస్తుంది. చెప్పదలచుకున్నది రెండు వాక్యాలుగా కాగితం మీద రాసుకుని, తర్వాతి వారం కూర్చున్న చోటి నుంచే చదవండి. మీ దగ్గర చెప్పడానికి విషయం ఉంది. మాఫీ అయ్యేది బ్యాంకు పంటరుణం. భూమి పాస్‌బుక్ యజమాని పేరు మీద ఉంటుంది కాబట్టి కౌలు రైతుకు ఆ రుణం దొరకడమే కష్టం. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తే ఏడాదికి 36 శాతం. ఆ అప్పు బ్యాంకు రుణమాఫీ కిందికి రాదు. ఈ మాట చెప్పడానికి 'మా నాన్న' అనాల్సిన పని లేదు. మీ ఇంటి కష్టాన్ని క్లాసు ముందు రుజువుగా పెట్టాల్సిన బాధ్యత మీకు లేదు. లెక్చరర్‌తో విడిగా ఒక మాట చెప్పుకుంటే ఆయనా జాగ్రత్తపడతారు.

మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివిన వాక్యం మాత్రం వాట్సాప్ గురించి రాసింది. తెల్లవారుజామున మిమ్మల్ని లేపుతున్నది డిబేట్ కాదనుకుంటున్నాను. నాన్న క్షేమంగా ఉన్నారా అన్న భయం. 1997-98లో పురుగు పత్తిని తినేసి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్న ప్రాంతం మీది. అప్పటికి మీరు పుట్టకపోయినా, ఆ కథలు వింటూ పెరిగిన పిల్లలకు ఈ భయం రావడంలో వింత లేదు. దాన్ని ఫోన్‌లో వెతుక్కోకండి, నేరుగా అడగండి. ఇంటికి వెళ్లినప్పుడు నాన్న పక్కన కూర్చుని 'నిద్ర పడుతోందా నాన్నా? అప్పు ఎంతుంది?' అనండి. దిగాలుగా కనిపిస్తే, 'బతకాలని లేదనిపిస్తోందా?' అని కూడా అడగవచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. లోపల ఉంటే బయటికి వస్తుంది. అవునంటే ఆయన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయన ఎలా ఉన్నా సరే, పురుగుమందు డబ్బాలు ఇంట్లో చేతికందేలా ఉంచకుండా తాళం వేయించండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నాన్న గురించి అడగడానికే కాదు, మీ కోసమూ చేయండి. నిద్రలేమి ఇంకో రెండు వారాలు ఇలాగే సాగినా, చదువు మీద, తిండి మీద మనసు పోకపోయినా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. మూడింటికి మెలకువ వస్తోందన్న సంగతి అక్కడ ముందే చెప్పండి.