బస్సులు, ఫైరింజన్లు అంటే ప్రాణం పెట్టే పిల్లాణ్ని హైదరాబాద్‌లో ఎక్కడికి తీసుకెళ్లాలి?

మీరు అడిగింది ఇదీ. ఉప్పల్‌లో ఉంటారు, బాబుకి ఎనిమిదేళ్లు. బొమ్మలు పక్కన పడేసి బస్సుల కోసం బాల్కనీలో నిలబడతాడు, ఫైరింజన్ సైరన్ వినబడితే అన్నం వదిలేసి పరిగెడతాడు. ఇంట్లో పెద్దవాళ్లేమో "వీడు చివరికి డ్రైవరే అవుతాడు, ఇప్పుడే మాన్పించండి" అంటున్నారు. మాన్పించాలా? లేకపోతే ఎక్కడికి తీసుకెళ్లి ఏం చూపించాలి?

మాన్పించకండి. నాకిప్పుడు నలభై మూడేళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఎనిమిదేళ్లప్పుడు నేనూ అచ్చం మీ బాబులాగే ఉండేవాణ్ని, ఇప్పటికీ అలాగే ఉన్నాను.

మా ఇల్లు చిలకలగూడలో, అమ్మమ్మ వాళ్లిల్లు మెహదీపట్నంలో. ఆదివారం వస్తే అమ్మతో బస్సు ప్రయాణం. సిటీ బస్సులో ముందు భాగం ఆడవాళ్లది కాబట్టి, అమ్మతో వెళ్లే మగపిల్లలకి డ్రైవర్ దగ్గర కూర్చునే యోగం ఉండేది. డ్రైవర్ పక్కనే ఇంజన్ మీద పెద్ద మూత, దాన్ని బానెట్ అనేవాళ్లం. సీట్లు లేకపోతే పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టేవాళ్లు, కింద మడత పెట్టిన గోనెపట్టా వేసి. డిసెంబర్ పొద్దున్నే హాయిగా వెచ్చగా ఉండేది, మే నెలలో తొడలు చుర్రుమనేవి. నేను బస్సు గురించి నేర్చుకున్నదంతా ఆ గోనెపట్టా మీదే.

డ్రైవర్ బండి స్టార్ట్ చేయగానే కదిలించేవాడు కాదు. యాక్సిలరేటర్ తొక్కుతూ ఎదురుగా ఉన్న ఓ చిన్న మీటర్ వంక చూసేవాడు. ముల్లు మెల్లగా పైకి లేచేది. ఎందుకలా చూస్తున్నారని ఒకసారి అడిగాను. "గాలి నిండాలె బిడ్డా. గాలి లేకుంటె బ్రేకు పడది" అన్నాడు. బస్సు ఆగినప్పుడల్లా వినిపించే ఆ 'ఛస్స్' ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అంత పెద్ద బండిని ఆపేది ట్యాంకుల్లో పట్టి ఉంచిన గాలి! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్నని లేపి మరీ చెప్పాను.

ఇంకో ముచ్చట డబుల్ డెక్కర్. సికింద్రాబాద్ నుంచి జూపార్క్‌కి 7జెడ్ వెళ్లేది. పై అంతస్తులో ముందు వరస సీటు దొరికితే ట్యాంక్‌బండ్ మీద హుస్సేన్‌సాగర్ అంతా మన కాళ్ల కిందే ఉన్నట్టుండేది. చెట్ల కొమ్మలు అద్దాన్ని రాసుకుంటూ పోతుంటే ప్రతిసారీ తల వంచేవాణ్ని. ఆ బస్సులు 2000 తర్వాత కొన్నేళ్లకే రోడ్ల మీద కనబడకుండా పోయాయి. 2023 ఫిబ్రవరిలో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వాళ్లు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చినప్పుడు ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్లాను. ఇంజన్ గర్జన లేదు, బానెట్ వేడి లేదు, అయినా పైన ముందు సీట్లో కూర్చోగానే తల దానంతటదే వంగింది.

ముందుగా బాబుకి బోర్డులు చదవడం ఆటగా మార్చండి. సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నానికి 5కె ఉంది, 49ఎం ఉంది. రెండూ అక్కడికే పోతే రెండు నంబర్లెందుకు? దానికి జవాబు వెతుకుతూనే నాకు సిటీ మ్యాప్ మొత్తం వచ్చేసింది. ఒకటి ట్యాంక్‌బండ్, లక్డీకాపూల్ వైపు పోతుంది, ఇంకోటి బేగంపేట, పంజాగుట్ట మీదుగా. పాతబస్తీ బస్సుల బోర్డుల మీద తెలుగు, ఉర్దూ పక్కపక్కనే చూసి 'చార్మినార్' అనే మాటని ఉర్దూలో గుర్తుపట్టడం నేర్చుకున్నాను. ఏ టీచరూ నేర్పలేదు. చదువు పాడవుతుందని భయపడే పెద్దవాళ్లకి ఈ సంగతి చెప్పండి.

నంబర్ ప్లేట్ కూడా చూడమనండి. ఆర్టీసీ బస్సుల నంబర్లలో 'జెడ్' ఉంటుంది. ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు బస్సుల మీద ఉండాలని కోరుకున్నాడని, ఆ పేరులోని మొదటి అక్షరమే ఇలా మిగిలిందని అంటారు. కథగా చెబితే పిల్లలు అస్సలు మర్చిపోరు.

ఈ ఊళ్లో ప్రభుత్వ బస్సుల్ని మొదట నడిపింది రైల్వేవాళ్లు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే కిందే రోడ్డు రవాణా విభాగం మొదలైంది, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో. ఆ కాలపు ఆల్బియన్ బస్సొకటి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర బస్ భవన్‌లో దాచి ఉంచారు. స్కాట్లాండ్ కంపెనీ బండి. పనిరోజున వెళ్లి గేటు దగ్గర మర్యాదగా అడగండి, పిల్లాడు బతిమాలితే పని త్వరగా అవుతుంది. దాని ముందు నిలబడి, ఇప్పుడు రోడ్డు మీద తిరిగే బస్సు పక్కన ఇది ఎంత చిన్నదో చూడమనండి.

గౌలిగూడ బస్టాండ్ మాత్రం ఇప్పుడు చూపించలేరు. అర్ధచంద్రాకారపు ఇనుప కప్పు, మొదట విమానాల కోసం కట్టిన హ్యాంగర్. దాన్నే బస్టాండ్ చేశారు. వాన పడితే లోపల మాట వినపడేది కాదు. 2018 జూలై 5న కూలిపోయింది. వార్త విని మధ్యాహ్నం అక్కడికి వెళ్లి దూరం నుంచి చూశాను. ఇంట్లో ఒక పెద్దదిక్కు పోయినట్టు అనిపించింది. మీ బాబుని ఇమ్లీబన్‌లోని మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కి, అదే ఎంజీబీఎస్‌కి తీసుకెళ్లండి. మూసీ మధ్యలో ఉన్న బస్టాండ్ అది. ఒక ప్లాట్‌ఫాం ఎంచుకుని గంటసేపు కదలకుండా కూర్చోండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ తేడాలన్నీ రంగుల్ని బట్టే పట్టేస్తాడు. ఎలక్ట్రిక్ బస్సు కావాలంటే ఎయిర్‌పోర్ట్ పుష్పక్ ఎక్కించండి, అవి 2019 నుంచి ఉన్నాయి.

డిపోల దగ్గర కాస్త జాగ్రత్త. ఓ డిపో గేటు దగ్గర ఫోటో తీశానని వాచ్‌మన్ ఫోన్ లాక్కుని ఆ రోజు తీసినవన్నీ డిలీట్ చేశాడు, అందులో మా అమ్మ ఫోటోలు కూడా పోయాయి. చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఫోటో తీయాలంటే బస్టాపులోనే, డ్రైవర్ చూసేలా నిలబడి, చేయి ఊపి తీస్తాను. నూటికి తొంభై మంది నవ్వుతారు, కొందరు హారన్ కూడా కొడతారు.

ఇక ఫైరింజన్ల సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు ఉన్న ఓడ పేలి, మంటలార్పుతున్న 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగానే ఈ వారం. ఆ రోజుల్లో స్టేషన్లలో జనానికి డెమో చూపిస్తారు. పదో తరగతి అయ్యాక ఒకసారి నేను వెళ్తే, గొట్టం చివర ఉండే బ్రాంచి పైపు నా చేతికిచ్చారు. "తమ్మీ, గట్టిగ పట్టుకో, ఎనక్కి తంతది" అని ఓ ఫైర్‌మన్ నా వెనక భుజం ఆనించి నిలబడ్డాడు. నీళ్లు వచ్చిన క్షణం ఆ భుజం లేకపోతే నేను వెల్లకిలా పడేవాణ్నే.

ఆ రోజే ఇంకో వింత చూశాను. బండి నిలబడే ఉంది, చక్రాలు కదలడం లేదు, ఇంజన్ మాత్రం ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు రొద పెడుతోంది. బండిని నడిపే ఇంజనే, ఆగాక పంపుని తిప్పుతుంది. పీటీవో అనే గేర్ వేస్తే ఇంజన్ బలం చక్రాల నుంచి పంపుకి మారుతుంది. అందుకే తెలంగాణ ఫైర్ సర్వీస్‌లో ఆ ఉద్యోగం పేరు ఉత్త డ్రైవర్ కాదు, డ్రైవర్ ఆపరేటర్. మంట దగ్గరికి వేగంగా తీసుకెళ్లాలి, అక్కడికెళ్లాక పంపు దగ్గర నిలబడి గొట్టం పట్టుకున్నవాళ్లకి ఎంత ప్రెషర్ కావాలో అంతే ఇవ్వాలి. 'డ్రైవరే అవుతాడు' అన్నారే మీ ఇంట్లోవాళ్లు, ఆ పని ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే ఆ మాట అలా అనలేరు.

నేను నిజంగా మారింది మాత్రం 2011లో. మా వీధి చివర ఓ ప్లాస్టిక్ సామాన్ల గోదాములో మంటలు లేచాయి. ఫైరింజన్ నాలుగైదు నిమిషాల్లోనే మెయిన్ రోడ్డు మీదికి వచ్చేసింది, కానీ సందులోకి రాలేకపోయింది. రెండు వైపులా బండ్లు. నేనూ, పక్కింటి అబ్బాయిలూ బైకులు ఎత్తి పక్కకి పెడుతున్నాం. వాళ్లు మాకోసం ఆగలేదు. చుట్టగా చుట్టిన గొట్టాన్ని ఒక్క విసురుతో సందు పొడవునా పరిచారు. ఒక్కో గొట్టం 15 మీటర్లు. దాని చివర ఇంకోటి 'టక్', దాని చివర ఇంకోటి 'టక్'. అలా ఐదు కలిపారు. అప్పుడు నేను మెయిన్ రోడ్డు దగ్గర ఉన్నాను. డ్రైవర్ ఆపరేటర్ ఒక చేయి థ్రాటిల్ మీద పెట్టి, కళ్లార్పకుండా మీటర్ ముల్లు చూస్తున్నాడు. నా చిన్నప్పటి బస్సు డ్రైవర్ గాలి మీటర్ వంక చూసినట్టే, అదే చూపు. నేల మీద చదునుగా ఉన్న గొట్టం అతని దగ్గర నుంచి ఉబ్బుకుంటూ సందులోకి పోయింది.

మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ల ట్యాంకు ఉన్న ఫైరింజన్‌లో, 4,500 లీటర్ల వరకు నీళ్లుంటాయి. ఒక్క గొట్టం నిమిషానికి 450 లీటర్లు చిమ్మితే పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. అందుకే వెనకే రెండో బండి బయల్దేరుతుంది, బౌజర్ అనే పెద్ద నీళ్ల ట్యాంకర్ వస్తుంది. నీళ్లు మొదలయ్యే లోపే రెండు మూడు నిమిషాలు మా వీధి బైకుల వల్ల పోయాయి. ఆ రోజు ఎవరికీ ప్రాణాపాయం లేదు. కానీ మా బైకు కూడా అక్కడే, గోడవారగా కాకుండా అడ్డంగా ఉంది. ఇప్పటికీ ఎక్కడ బండి పెట్టినా, ఇక్కడికి ఫైరింజన్ పడుతుందా అని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.

అప్పటి దాకా నాకు బండి ముఖ్యం, ఆ తర్వాత దాన్ని పనిచేయించే చేతులు ముఖ్యమయ్యాయి. మీ బాబుకీ ఆ చేతులే చూపించండి. స్టేషన్‌కి మధ్యాహ్నం పూట వెళ్లి, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ని అడిగి లోపలికి తీసుకెళ్లండి. గంట మోగితే వెంటనే గోడకి ఆనుకుని నిలబడాలని ముందే చెప్పండి, ఎందుకంటే వాళ్లు మాట మధ్యలోనే లేచి పరిగెడతారు. ఫైరింజన్‌ని పిలిచే 101 నంబర్ ఆట కోసం కాదని చెప్పండి. నిజమైన ప్రమాదం దగ్గరికి మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లకండి, సైరన్ వెంట బండి నడపకండి. వీలైతే పై అంతస్తుల దాకా చేయి చాపే బండి, బ్రాంటో స్కైలిఫ్ట్ ఎక్కడుందో కనుక్కోండి. ఫిన్లాండ్ బండి, 54 మీటర్ల ఎత్తుకి లేస్తుంది, అంటే సుమారు పద్దెనిమిది అంతస్తులు. అది లేచేటప్పుడు పైకి చూడొద్దనండి, ముందు కింద చూడమనండి. నాలుగు కాళ్లు బయటికి చాపి నేలని గట్టిగా పట్టుకున్నాకే అది చేయి ఎత్తుతుంది.

మీరు ఉప్పల్ అన్నారు కాబట్టి ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు. ఉప్పల్ నుంచి మెహదీపట్నానికి 113ఎం పోతుంది, 300 కూడా పోతుంది. వెళ్లేటప్పుడు 300 ఎక్కండి, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా ఊరి చుట్టూ తిప్పుకొస్తుంది. వచ్చేటప్పుడు 113ఎం, అది ఊరి మధ్యలోంచి. బాబుకి ఓ చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. దారిలో కనిపించిన ప్రతి నంబరూ రాసుకోమనండి. మీరు తనతో ఆడవాళ్ల వైపు ముందు సీట్లో కూర్చోండి. పొద్దున్న తొమ్మిదికి ముందే ఎక్కితే డ్రైవర్ వెనక సీటు దొరుకుతుంది.