కాశీకి పుస్తకం తీసుకుపోయే అమ్ములుకి

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వొక్కదానివే కాశీకి పోతుండావంట, ఏ ఊరికి పోతే ఆ ఊరి పుస్తకం చదవాలని పెట్టుకున్నావంట. ఫోన్ పెట్టేసినాక నిద్ర పట్టలా. సంతోషం సగం, భయం సగం.

టికెట్టు, ఆధార్, మందులు నీకు నేను చెప్పక్కర్లా.

కాశీకి ఏ పుస్తకం అంటే నేను ఒకటే చెప్తా, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాష మాట ఇంకో భాషలో చెప్పే పని, చేసినాయన, 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబర్‌లో ఇల్లు చేరినాడు. అప్పటికి మన దేశంలో రైలే లేదు. దారి ఎట్టా ఉంది, ఏ ఊళ్లో ఏం దొరుకుతాయి అన్నీ రాసుకుంటా పోయినాడు. అయితే కాశీ పేజీల నుంచి మొదలుపెట్టబాక. తిరిగొచ్చేటప్పుడు ఆయన సముద్రం వార దారిన మన నెల్లూరు మీదుగానే వచ్చినాడు, ముందు ఆ పేజీలు చదివి ఒక సాయంత్రం పెన్న గట్టున నిలబడు. నీకు తెలిసిన ఊరిని ఆయన ఎట్టా చూశాడో తెలిస్తే, తెలియని ఊరి గురించి చెప్పేది ఎంతవరకు పట్టించుకోవాలో నీకే అర్థమవుద్ది.

ఇంక అసలు సంగతి. 1994లో నేనూ మీ అమ్మమ్మా పోయినాం, ఆ పుస్తకం పట్టుకునే. ఆమెకి అరవై దాటినాయి, తెలుగు తప్ప ఇంకో మాట రాదు. రైల్లో రెండు రాత్రులూ నేను చదువుతానే ఉన్నా, ఆమె కిటికీ పక్కన కూర్చుని ఏదో ఒకటి చెప్తానే ఉంది, నేను ఊ కొడతానే ఉన్నా. దశాశ్వమేధ ఘాట్ మెట్ల మీద కూడా పుస్తకం తీసినా, ఆయన రాసింది ఎదురుగా ఉందా లేదా అని చూసుకుంటా పెన్సిల్‌తో గీతలు గీసుకుంటా. "అమ్మే, ఆ పడవ చూడు, మన జువ్వలదిన్నె పడవల మాదిరి లేదూ" అనింది. ఈ పేజీ అయిపోనీమా అన్నా. తలెత్తి చూసేసరికి పక్కన సంచీ ఉంది, మనిషి లేదు.

రెండు గంటలు, అమ్ములూ. భాష రాక, ఎవుర్ని ఏమని అడగాలో తెలీక, నీళ్లల్లో ఏది తేలినా గుండె ఆగిపోతా, ఆ మెట్లన్నీ ఎక్కి దిగినా. ఆఖరికి కేదార ఘాట్ దగ్గర పూలంగడి ముందు కూర్చుని ఉంది, ఎవురో తెలుగు మాట్లాడుకుంటా పోతుంటే వాళ్ల వెనకాలే నడిచిందంట. నన్ను తిట్టలా. "నువ్వు చదువుకుంటుండావు గదా, అందుకని పిలవలా" అనింది. తర్వాత ఏడాదికే పోయింది. ఆ రెండు రాత్రులు రైల్లో ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తులేదు నాకు.

అందుకని చెప్తుండా, ఇంట్లో చదువు, రైల్లో చదువు, రాత్రి రూములో చదువు, ఘాట్ మీద మాత్రం పుస్తకం సంచీలోంచి తీయబాక. పక్క సీటు ముసలామె ఏదన్నా చెప్తుంటే మూసేసి విను. రూము అడ్రసు హిందీలో రాయించుకుని చీటీ దగ్గర పెట్టుకో, ఫోన్ ఉంది గదా అనబాక, ఛార్జింగ్ అయిపోతే ఏం చేస్తావు? రోజూ రాత్రి ఎనిమిదికి నాకు ఫోన్ చెయ్ బంగారూ, నువ్వు చేసిందాకా నేను అన్నం తినను.

ఆదివారం వచ్చి నా పుస్తకమే తీసుకుపో. అట్ట ఊడితే టేపు వేసినా. కాశీ పేజీల్లో ఒకచోట పెన్సిల్ గీత లైను మధ్యలో ఆగిపోయి ఉంటది. అక్కడే తలెత్తి చూసినా.

నీ పెద్దమ్మ