ఎన్నిక కాని న్యాయమూర్తులు ఎన్నికైన ప్రభుత్వాన్ని ఆపవచ్చునా?

ప్రశ్న: ప్రజలు ఓట్లు వేసి ఎన్నుకున్న ప్రభుత్వ నిర్ణయాలను, ఎవరూ ఎన్నుకోని న్యాయమూర్తులు కొట్టివేస్తున్నారు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు ఒకదాని పనిలో మరొకటి వేలు పెట్టకూడదన్నదే అధికారాల విభజన అయితే, ఇది ఆ సూత్రానికే విరుద్ధం కాదా?

జవాబు: మీ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. ప్రభుత్వ విధానం మంచిదా చెడ్డదా అని న్యాయస్థానం తూచడం మొదలుపెడితే అది హద్దు మీరడమే. ఈ నిర్ణయం తీసుకునే అధికారం తీసుకున్నవారికి ఉందా లేదా అన్నంతవరకే న్యాయస్థానం పని.

1952లో అమెరికాలో కొరియా యుద్ధం సాగుతుండగా ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధమయ్యారు. ఆయుధాల తయారీ ఆగిపోతుందన్న భయంతో అధ్యక్షుడు ట్రూమన్, ప్రధాన ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకోవాలని ఏప్రిల్ 8న వాణిజ్య మంత్రిని ఆదేశించారు. కంపెనీలు కోర్టుకెక్కగా, జూన్ 2న సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఆ ఉత్తర్వు చెల్లదన్నది. ఉక్కు అవసరాన్ని తక్కువ చేసి కాదు. మిల్లులను అలా స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే చట్టమేదీ లేదనీ, పైగా 1947లో కార్మిక చట్టం చేసేటప్పుడు అటువంటి అధికారం ఇవ్వాలన్న ప్రతిపాదనను చట్టసభ తిరస్కరించిందనీ తీర్పు ఎత్తిచూపింది. ఎన్నికైన అధ్యక్షుడిని ఆపి కోర్టు కాపాడింది ఎన్నికైన సభ అధికారాన్నే. ఆ తొమ్మిదిమంది న్యాయమూర్తులనూ నియమించింది ట్రూమన్, ఆయనకు ముందటి అధ్యక్షుడూ ఆయన పార్టీవాడే అయిన రూజ్‌వెల్ట్ కావడం గమనార్హం. ట్రూమన్ మిల్లులను వెంటనే తిరిగి అప్పగించారు. సమ్మె జరిగింది, ఏడు వారాలకు పైగా సాగింది కూడా.

పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టివేసే అధికారం కోర్టులకు లేని బ్రిటన్‌లోనూ, ప్రభుత్వం సభను ఐదు వారాల పాటు ప్రొరోగ్ చేయించడం, అంటే సమావేశాలను నిలిపివేయించడం, చట్టవిరుద్ధమని 2019 సెప్టెంబరు 24న 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. మరునాడే సభ సమావేశమైంది.

చట్టసభకూ హద్దు ఉంటుందా అంటే, మన 39వ రాజ్యాంగ సవరణ కథ చూడాలి. 1975 జూన్‌లో ఇందిరా గాంధీ లోక్‌సభ ఎన్నికను అలహాబాద్ హైకోర్టు రద్దు చేయగా, అప్పీలు విచారణలో ఉండగానే ఆ ఎన్నిక చెల్లుతుందని పార్లమెంటు రాజ్యాంగంలోనే రాసేసింది. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టివేసింది. అయితే అదే తీర్పులో, సవరించిన ఎన్నికల చట్టం ప్రకారం ఆమె ఎన్నికను సమర్థించింది! పైకి వింతగా కనిపించినా అధికారాల విభజన కిటుకంతా ఇందులోనే ఉంది. సభ చట్టాన్ని మార్చవచ్చు, అవసరమైతే వెనకటి తేదీ నుంచి వర్తించేలా కూడా మార్చవచ్చు. కానీ ఒక నిర్దిష్ట వ్యాజ్యంలో ఎవరు గెలిచారో తానే ప్రకటించుకోరాదు.

ప్రశ్న: మరి న్యాయమూర్తులే తప్పు చేస్తే?

జవాబు: అప్పీలు, పునఃపరిశీలన, అభిశంసన వంటివి ఉన్నాయి, వాటి వేగం సంగతి అలా ఉంచండి. కోర్టులు అతిగా జోక్యం చేసుకుంటాయనే అందరూ అంటారు గానీ, నా దృష్టిలో అవి జోక్యం చేసుకోని సందర్భాలే ఎక్కువ నష్టం చేశాయి. 1976 ఏప్రిల్ 28న, అత్యవసర పరిస్థితిలో విచారణ లేకుండా నిర్బంధానికి గురైనవారు విడుదల కోసం హైకోర్టుల తలుపు తట్టే వీలు లేదని సుప్రీంకోర్టు 4–1తో తీర్పు చెప్పింది. విభేదించిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాకు సీనియారిటీ ప్రకారం రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి మరుసటి జనవరిలో దక్కలేదు. ఆ తీర్పును కోర్టు 2017లో గానీ తోసిపుచ్చలేదు; అంతకు చాలా ముందే, అత్యవసర పరిస్థితిలోనూ జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛల అమలును నిలిపివేయడానికి వీల్లేకుండా 44వ సవరణ తెచ్చింది ఎన్నికైన పార్లమెంటే.